తిరుపతి ఎండల్లో గినీ పిగ్స్ పెంచొచ్చా? పెంచొచ్చు, గడ్డీ చల్లదనమూ ముందు చూసుకుంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: తిరుపతిలో అపార్టుమెంటు, పై అంతస్తు. ఎనిమిదేళ్ల బాబు, పదకొండేళ్ల పాప. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, పగలు ఇంట్లో ఉండేది అత్తగారు. ఆమెకు ఇల్లంతా కంపు కొడుతుందని భయం. షాపతను "ఒక్కటి చాలు, కుందేళ్ల మేత వేస్తే చాలు" అన్నాడు. ఏప్రిల్ సెలవుల్లో కొనిద్దామని ఆలోచన.

సూటిగా చెప్తాను. పెంచొచ్చు. అయితే ఒకటి కాదు, రెండు. ఏప్రిల్లో కాదు, వానలు పడ్డాక. కుందేళ్ల మేత కాదు, ఎండుగడ్డి. పిల్లల పేరు చెప్పి కొన్నా చాకిరీ పెద్దవాళ్లదే, రోజుకు ముప్పై నలభై నిమిషాలు. ఇవి ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. అంటే మీ పాప ఇంటర్‌లో చేరి ఎంట్రన్సు కోచింగులకు తిరిగే రోజుల్లో కూడా ఆ గూడు మీ హాల్లోనే ఉంటుంది. దీనికి ఒప్పుకున్నాకే మిగతాది చదవండి.

చాలామంది గూడు ఎంత, రంగు ఏది, ఏ జాతి అని మొదలుపెడతారు. మన ఊళ్లో వీటి ప్రాణం నిలబెట్టేవి రెండే: చల్లని చోటు, తెగని గడ్డి. ఆ రెండూ కుదరకపోతే ఎంత ఖరీదైన గూడైనా దండగే.

ఎండ సంగతి

పేరులో పంది ఉంది గానీ ఇది ఎలుక, ఉడతల్లాగా కొరికే జంతువు. సొంతూరు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. చలి తట్టుకునే గుండ్రటి ఒళ్లు, దట్టమైన బొచ్చు. మనలాగా చెమట పట్టదు, కుక్కలాగా నాలుక చాపి వేడి వదలడమూ సరిగా చేతకాదు. 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 27, 28 దాటితే ఇబ్బంది మొదలు. మే నెలలో తిరుపతిలో బయట 40 దాటడం మామూలే. పై అంతస్తు స్లాబు సాయంత్రం ఏడింటికి కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. మీ ఇంట్లో అసలు సమస్య ఇదే.

ముందుగా ఒక చిన్న డిజిటల్ థర్మామీటరు కొని, గూడు పెట్టాలనుకున్న చోట నేలకు జానెడు ఎత్తులో వారం రోజులు పెట్టి చూడండి. మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి రాసుకోండి. పడమటి గోడ ఉన్న గది, బాల్కనీ, వంటిల్లు వద్దు. తూర్పు లేదా ఉత్తరం వైపు లోపలి గది ఉంటే అదే మంచిది.

గదిలో 26 దాటితే చల్లటి సీసా పెట్టాలి. లీటరు ప్లాస్టిక్ సీసాలో ముప్పావు వంతు నీళ్లు పోసి (నిండా పోస్తే గడ్డకట్టేటప్పుడు పగులుతుంది) ఫ్రీజర్లో ఉంచండి. పాత టవల్లో చుట్టి గూట్లో ఒక మూల పెడితే అవే వచ్చి ఆనుకుని పడుకుంటాయి. ఒక సీసా మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది, కాబట్టి నాలుగు సీసాలు తిప్పుతూ ఉండాలి. మట్టికుండ కూడా బాగా పనికొస్తుంది. మూతి ఆరంగుళాలకు తక్కువ లేని కుండను పక్కకు పడుకోబెట్టి, దొర్లకుండా రెండు పక్కలా ఇటుక ముక్కలు ఆనించి, పైన తడిగుడ్డ కప్పండి. నీరు ఆవిరయ్యే కొద్దీ లోపల చల్లబడుతుంది. మూతి అంతకంటే చిన్నదైతే లావుపాటి జంతువు ఇరుక్కుంటుంది, అది చూసుకోండి.

30 దాటితే సీసాలు చాలవు, కూలరో ఏసీయో కావాలి. కూలర్ పెడితే కిటికీ ఒకటి తెరిచి ఉంచండి. మూసిన గదిలో కూలర్ ఉక్కపోత పెంచుతుంది, అది వట్టి ఎండకన్నా చేటు. ఏసీ 24, 25 మీద చాలు, గాలి నేరుగా గూటి మీద పడకూడదు. ఫ్యాను ఒక్కటే వేసి "గాలి తగులుతోంది కదా" అని వెళ్లిపోవద్దు. చెమట పట్టని జంతువుకు ఫ్యాను గాలి మనకు పనిచేసినట్టు పనిచేయదు. కరెంటు పోయే వేళలు కూడా లెక్కలోకి తీసుకోండి. ఇన్వర్టరు మీద ఏసీ నడవదు, ఫ్రీజర్లో సీసాలు అందుకే.

వడదెబ్బ గుర్తులు: ఒళ్లు చాచి పక్కకు పడిపోవడం, రొప్పడం, మూతి చుట్టూ చొంగ, చెవులు ఎర్రగా వేడిగా ఉండటం, పిలిస్తే పలకకపోవడం. వెంటనే చల్లటి గదిలోకి తెచ్చి, మామూలు కుళాయి నీళ్లతో చెవులు, పాదాలు, కడుపు కింద తడపండి. ఐస్ నీళ్లలో ముంచొద్దు, పైచర్మంలో రక్తనాళాలు బిగుసుకుని లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తడుపుతూనే డాక్టరు దగ్గరికి బయలుదేరాలి. తేరుకున్నట్టు కనిపించినా చూపించాల్సిందే.

గడ్డి సంగతి

దీని తిండిలో నూటికి ఎనభై పాళ్లు గడ్డి. ఎందుకంటే దీనికున్న ఇరవై పళ్లూ, ముందువీ దవడవీ, జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని పక్కకు నూరి నూరి నమలడంతోనే అవి అరుగుతాయి. గుళికల మేత రెండు కొరుకుల్లో పొడైపోతుంది, పళ్లు అరగవు. దవడ పళ్లు పెరిగి నాలుక మీద వంతెనలా కలుసుకుంటే తినాలని ఉన్నా మింగలేదు. పేగులు కదలడానికీ ఆ పీచే ఆధారం.

ఆన్‌లైన్లో దొరికే తిమోతి గడ్డి దిగుమతి సరుకు, ఖరీదు. కొనగలిగితే మంచిదే. లేదంటే మన గరిక దివ్యంగా సరిపోతుంది, వినాయకుడికి పెట్టే ఆ గరికే. పూలంగళ్లలో కట్టలు దొరుకుతాయి గానీ రోజూ అది కొని పెట్టడం కుదిరే పని కాదు. ఊరవతల పొలం గట్ల మీద, మందు కొట్టని చోట కోయించుకోండి. రోడ్డు పక్కది, కుక్కలు తిరిగే పార్కుది వద్దు.

ఆరబెట్టడంలోనే చాలామంది పాడుచేస్తారు. గరికను కడిగి, నీరు కారిపోయాక, నీడలో పాత చీర మీద పలచగా పరిచి రోజుకు రెండుసార్లు తిరగేయాలి. వేసవిలో రెండు రోజులు, మామూలప్పుడు మూడు నాలుగు. మండుటెండలో వేస్తే రంగు పోయి వరిగడ్డిలా అవుతుంది, తినవు. ఒక పోచ తీసి వంచితే పుటుక్కున విరగాలి, వంగి ఊరుకుంటే తడి ఉన్నట్టే. ఆరిన గడ్డికి తియ్యటి వాసన ఉంటుంది. ముక్కిన వాసన వచ్చినా, దులిపితే తెల్లటి పొడి లేచినా పారేయండి, అది బూజు. ప్లాస్టిక్ కవర్లో కట్టొద్దు, గోనెసంచిలోనో పాత దిండు గలీబులోనో ఉంచండి. రెండు జంతువులకు నెలకు మూడు నాలుగు కిలోల ఎండుగడ్డి పడుతుంది, తొక్కి పాడుచేసేదీ కలిపి. కిలో ఎండుగడ్డికి మూడు నాలుగు కిలోల పచ్చిది కోయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పెద్ద వానలు, అప్పుడు ఆరదు కాబట్టి సెప్టెంబరు చివరికే ఒక మూట సిద్ధం చేసుకోండి.

పాల డెయిరీల వాళ్లు పెంచే నేపియర్ గడ్డి కూడా పెట్టొచ్చు. లేత ఆకులే, ముదురు కాడలు వద్దు. వరిగడ్డి కింద పరుపుకు పనికొస్తుంది, తిండిగా సారం లేదు. మన జిల్లాల్లో చేతికి అందేది శెనక్కాయ కట్టె, అంటే వేరుశెనగ కాయలు తీసేశాక మిగిలే ఎండు మొక్క. పశువులకు బంగారం, వీటికి మాత్రం రోజూ పెట్టొద్దు. పప్పుజాతి మొక్క కాబట్టి సున్నం (కాల్షియం) ఎక్కువ, మూత్రాశయంలో రాళ్లకు దారి. నిల్వ కట్టెలో బూజు విషం భయం వేరే. లూసర్న్ గడ్డి కూడా అంతే, ఆరు నెలల లోపు పిల్లలకూ చూలుతో ఉన్నవాటికీ తప్ప వద్దు.

పచ్చిగడ్డి కొత్తగా మొదలుపెడితే మొదటి రోజు చిటికెడు, కొద్దికొద్దిగా పెంచుతూ వారం అయ్యేసరికి గుప్పెడు. ఒక్కసారిగా వేస్తే విరేచనాలు పట్టుకుంటాయి.

సి విటమిన్, కుందేళ్ల మేత ఎందుకు వద్దంటే

మనిషిలాగే గినీ పిగ్ కూడా ఒంట్లో సి విటమిన్ తయారు చేసుకోలేదు. కుందేలు చేసుకోగలదు, అందుకే కుందేళ్ల మేతలో అది కలపరు. పైగా కొన్నింట్లో కలిపే మందులు వీటికి పడవు. అదే మేత మీద ఉంచితే కొన్ని వారాల్లోనే స్కర్వీ (సి విటమిన్ కొరతతో వచ్చే జబ్బు) గుర్తులు కనిపిస్తాయి: బొచ్చు గరుకుగా అవడం, కీళ్లు వాచి నడవడానికి మొరాయించడం, చిగుళ్లలో రక్తం, ఎత్తుకుంటే కీచుమనడం. "మందకొడిగా ఉంది, వయసైపోయింది" అని ఇంట్లోవాళ్లు అనుకునేది ఒక్కోసారి ఇదే కావచ్చు.

పెద్దదానికి కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. ముప్పై గ్రాముల పచ్చ క్యాప్సికం, అంటే ఓ మాదిరి కాయలో పావు కన్నా కాస్త తక్కువ, దాదాపు ఆ మొత్తం ఇచ్చేస్తుంది. జామకాయ బొటనవేలంత ముక్క కూడా అంతే ఇస్తుంది, తీపి కాబట్టి వారానికి రెండుసార్లే. ఉసిరికాయ పలుచటి రెండు చెక్కులు వేసి చూడండి, పులుపు కొన్నింటికి నచ్చదు. నీళ్లలో కలిపే సి విటమిన్ చుక్కలు వద్దు. వెలుతురుకి కొన్ని గంటల్లోనే చెడిపోతాయి, రుచి మారి నీళ్లు తాగడమే మానేస్తాయి.

గినీ పిగ్ గుళికల మేత కొంటే తయారైన తేదీ చూడండి. మూడు నెలలు దాటితే అందులో సి విటమిన్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఒక్కోదానికి రోజుకు రెండు టేబుల్ స్పూన్లు చాలు. గింజలు, రంగురంగుల ముక్కలు కలిపినవి కొనొద్దు, తీపివి ఏరుకుని మిగతావి వదిలేస్తాయి.

కూరల సంగతి. రోజుకు ఒక్కోదానికి ఒక కప్పు. కొత్తిమీర, కీర దోస, క్యాప్సికం, బీరకాయ, సొరకాయ, క్యారెట్ ఆకులు, మొక్కజొన్న పొత్తు మీది పచ్చి పొరలు, పీచు. క్యారెట్ దుంప వారానికి రెండు చక్రాలు. పాలకూర, తోటకూర, గోంగూరలో ఆక్సలేట్లు (సున్నంతో కలిసి రాళ్లు కట్టే పదార్థాలు) ఎక్కువ, మునగాకులో సున్నం ఎక్కువ. ఇవి ఎప్పుడో రెండు రెబ్బలు అంతే. టమాట పండు చిన్న ముక్క పర్వాలేదు, ఆకూ తొడిమా పచ్చికాయా విషం. అసలు పెట్టకూడనివి: ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), తెల్లగడ్డలు (వెల్లుల్లి), ఉర్లగడ్డలు (బంగాళాదుంపలు), చాక్లెట్, అన్నం, రొట్టె, పెరుగు, బిస్కెట్లు. మార్కెట్ కూరలకు మందు అవశేషాలుంటాయి, అరగంట నీళ్లలో నానబెట్టి రెండుసార్లు కడగండి.

తిరుపతిలో ఇల్లంటే దర్శనానికొచ్చే చుట్టాలు ఉండనే ఉంటారు. "పాపం, ప్రసాదమే కదా" అని లడ్డు చిదిమి గూట్లో వేస్తారు. చక్కెర, నెయ్యి దీని పేగుల్లో సూక్ష్మజీవుల లెక్క తలకిందులు చేసి ఉబ్బరం తెస్తాయి, ఉబ్బరం ఒక్క పూటలో ప్రాణం తీయగలదు. గూటి మీద పెద్ద అక్షరాలతో "ఏమీ పెట్టవద్దు" అని పాప చేత రాయించి అంటించండి. మొహమాటపడొద్దు.

నీళ్లు మీరు తాగే నీళ్లే పోయండి. గూటికి కట్టే నీళ్ల సీసా మూతిలో నాకితే నీళ్లు వదిలే గోళీ ఉంటుంది, బోరు నీళ్ల సున్నం దానికి పట్టేసి ఒక్కోసారి చుక్క కూడా రాదు. సీసా నిండుగానే కనిపిస్తుంది, జంతువు మాత్రం దాహంతో ఉంటుంది. రోజూ వేలితో గోళీని నొక్కి చూడండి. ఎండాకాలం రెండు సీసాలు కట్టండి.

గూడు, కంపు

షాపులో చూపించే ఇనుప చువ్వల అడుగున్న పంజరం కొనొద్దు. వీటి పాదాలకు బొచ్చు ఉండదు, చువ్వల మీద అరికాళ్లు పుండ్లు పడి చీము పడతాయి. రెండింటికి కనీసం ఏడున్నర చదరపు అడుగుల నేల కావాలి. నాలుగడుగులు, రెండున్నర అడుగులు పెడితే నిశ్చింత. అంతస్తులు అక్కర్లేదు, ఇవి ఎక్కే జంతువులు కావు.

వడ్రంగి చేత పద్నాలుగు అంగుళాల ఎత్తు చట్రం చేయించి, అడుగున పాత ఫ్లెక్సీ బ్యానరు వేయండి. అంచులు ఆరంగుళాలు పైకి లేపి చట్రం బయటికి మడిచి బిగించాలి. అంచు లోపలికి కనబడితే కొరికి మింగుతాయి. ఫ్లెక్సీ మీద మందపాటి పాత టర్కీ టవళ్లు రెండు పొరలు, పైన ఫ్లీస్ గుడ్డ (మెత్తటి సింథటిక్ దుప్పటి గుడ్డ). ఫ్లీస్ తడిని కిందికి దింపి పైన పొడిగా ఉంచుతుంది. కొత్త ఫ్లీస్‌ను ఒకట్రెండుసార్లు ఉతికాకే అలా పీలుస్తుంది, కంఫర్ట్ లాంటి ద్రవాలు వేస్తే పీల్చడం మానేస్తుంది. రంపపు పొట్టు, శెనక్కాయ పొట్టు వేయొద్దు, దుమ్ము ముక్కులోకి పోయి న్యుమోనియా తెస్తుంది. దాక్కోవడానికి రెండు అట్టపెట్టెలు, ఒక్కోదానికి రెండు దారులు. ఒకే దారి ఉంటే బలమైనది రెండోదాన్ని లోపలే నిర్బంధిస్తుంది.

అత్తగారి భయం అబద్ధం కాదు. ఉచ్చ పోసే మూలల్లో గుడ్డలు రోజూ మార్చి, పరుపంతా మూడు నాలుగు రోజులకోసారి మారిస్తే వాసన ఉండదు. నిలబడ్డ మనిషి ముక్కుకు ఘాటు తగిలిందంటే నేలమీద బతికే జంతువు అప్పటికే ఆ ఘాటునే పీలుస్తోందన్నమాట. తెల్ల మరకలు పడితే తెల్ల వెనిగర్ చల్లి పది నిమిషాలాగి తుడవండి. జంతువుకు స్నానం అక్కర్లేదు.

రెండు ఎందుకు, ఏ రెండు

ఇవి గుంపు జంతువులు. ఒంటరిది మందకొడిగా అవుతుంది, తిండి తగ్గిస్తుంది. రెండు ఆడవి, లేదా చిన్నప్పటినుంచి కలిసి పెరిగిన రెండు మగవి తీసుకోండి. మూడు మగవి పెడితే కొట్లాట ఖాయం. షాపులో చెప్పే ఆడా మగా లెక్క తరచూ తప్పుతుంది, కొన్న వారంలోపే డాక్టరుకు చూపించండి. మగది మూడు వారాలకే, ఆడది నాలుగు వారాలకే ఎదకొస్తాయి. చూలు రెండు నెలల పైచిలుకు. ఈనిన కొన్ని గంటల్లోనే తల్లి మళ్లీ చూలు కడుతుంది. ఆరేడు నెలలు దాటాక మొదటి చూలైతే కటి ఎముక బిగుసుకుని కాన్పు కష్టమై చనిపోయే ప్రమాదం ఉంది. సరదాకి ఒక ఈత చూద్దామనుకోవద్దు.

పిల్లలు చేయగలిగినవి

బాబుకు కూరలు వేయడం, నీళ్లు మార్చడం. పాపకు తూకం. వారానికోసారి, ఒకే రోజు, వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి తూచి నోటు పుస్తకంలో రాయాలి. ఈ జంతువులు జబ్బు దాచుకుంటాయి, త్రాసు ముందే చెప్తుంది. వారంలో యాభై గ్రాములు తగ్గితే రోజూ తూచండి, వంద తగ్గితే డాక్టరు దగ్గరికే.

ఎత్తుకోవడం నేలమీద కూర్చునే చేయాలి. ఒక చెయ్యి ముందుకాళ్ల వెనక ఛాతీ కింద, రెండోది పిరుదుల కింద. పైనుంచి గద్దలా పట్టుకుంటే బెదిరిపోతుంది. సోఫా మీంచి దూకినా కాలో పన్నో విరుగుతుంది. ఫ్రిజ్ తలుపు చప్పుడుకు "వీక్ వీక్" అని అరిస్తే ఆకలి కాదు, ఆశ. పళ్లు టకటక కొట్టిందంటే కోపం, చెయ్యి వెనక్కి తీసుకోమనండి. మెత్తటి పెంటికలు తానే తింటుంది, అది రోగం కాదు, అందులోని విటమిన్ల కోసం. మామూలు పెంటికలు చిన్న ఈతగింజల్లా గట్టిగా ఉంటాయి. నెలకోసారి గోళ్లు కత్తిరించాలి, ఆ పని పెద్దవాళ్లే చేయండి.

గుండ్రటి బొచ్చూడిన మచ్చలు కనిపిస్తే తామర కావచ్చు, పిల్లలకు అంటుతుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి.

డాక్టరు, మందులు

పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు ఆగినా, ఉచ్చలో రక్తం కనబడినా తెల్లారేదాకా ఆగొద్దు. తిరుపతిలో వెటర్నరీ యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రి ఉండటం మన అదృష్టం, చాలా ఊళ్లకు ఆ వసతి లేదు. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ఒక మాట ముందే చెప్పండి: ఇది గినీ పిగ్, నోటి ద్వారా పెన్సిలిన్ జాతి మందులు పడవు. ఇంట్లో పిల్లల జలుబుకు వాడి మిగిలిన ఎమోక్సిసిలిన్ సిరప్ (పెన్సిలిన్ జాతిదే) రెండు చుక్కలు పోసినా ప్రాణం మీదికి రావచ్చు. అది పేగుల్లో మంచి సూక్ష్మజీవుల్ని చంపేస్తే చెడ్డవి పెరిగి విషం కక్కుతాయి, కొన్ని రోజుల్లో అయిపోతుంది. కుక్కలకు వాడే పేల మందులు కూడా సొంతంగా వేయొద్దు.

ఇక మీ ఇంటికి తిరిగి వస్తే, మీరు జాబితాలో రాయని ఒక పని ఉంది. మే నెలలో మధ్యాహ్నం పన్నెండింటికీ, మూడింటికీ సీసాలు మార్చాలి, కుండ మీద గుడ్డ తడపాలి, థర్మామీటరు చూడాలి. ఆ వేళకు ఇంట్లో ఉండేది అత్తగారొక్కరే. అంటే ఈ జంతువుల ప్రాణం ఎవరి చేతిలో ఉందో ఆమెనే ముందు అడగాలి, పిల్లల్ని కాదు. కంపు గురించి పైన రాసింది ఆమెకు చదివి వినిపించండి. సరేనంటే జూలై, ఆగస్టులో కొనండి, గడ్డి మూట ముందే తెచ్చిపెట్టుకుని. ఆమె ఓపిక లేదంటే ఆ గదికి పగలంతా ఏసీ నడిపే ఏర్పాటు మీరు చేయగలగాలి. అదీ కుదరకపోతే ఈ ఇంట్లో ఉన్నంతకాలం కొనకండి.